శనివారం అన్నం

పొద్దున్నే నా కుడిచేతి వేళ్ళు నా మాట వినవు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. పెద్దతనంలో మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పులు కావివి. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే తిరగబడి సొంత కీళ్ళను కొరుక్కుతినే జబ్బు. "ఆర్థరైటిసా? మా పెద్దమ్మక్కూడా ఉందండీ, నేలమీద పడుకోవడం మానేస్తే తగ్గిపోయింది" అనేవాళ్ళకు తేడా చెప్పీ చెప్పీ నా దవడ నొప్పి పుట్టింది. దవడలో ఉన్నదీ కీలే కదా, నిజంగానే నొప్పి పుడుతుంది.

నేను గుణదల వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకు ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల దుకాణం ఉంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు. ముగ్గురికీ మూడు రకాల కోపాలు. మా ఆయనది బయటికి రాని కోపం, అత్తగారిది గిన్నెల చప్పుడులో వినిపించే కోపం. నాది వీధి చివరిదాకా వినిపిస్తుందని పక్కింటివాళ్ళు అంటారు, నేను ఒప్పుకోను.

ఈ జబ్బంటే నాకు భయం నొప్పి వల్ల కాదు, మా అమ్మ వల్ల. అమ్మకూ ఇదే జబ్బు. కూచిపూడి దగ్గర మా ఊళ్ళో అప్పట్లో దీనికి ఇంత పేరు లేదు, 'వాతం' అనేవాళ్ళు, అంతే. అమ్మ వేళ్ళు మెల్లమెల్లగా పక్కకి వాలిపోయి, ముడుచుకుపోయి, ఇక విప్పుకోలేదు. అన్నం కలుపుకోలేకపోయేది. నేను బడినుంచి వచ్చి ముద్దలు పెట్టేదాన్ని. అమ్మ నోరు తెరిచేది గానీ నా మొహంలోకి చూసేది కాదు. గోడకేసి చూస్తూ నమిలేది. ఒకసారి "ఇంకో ముద్ద పెట్టనా?" అంటే, "నా ముద్ద నేను కలుపుకోలేనిదానికి ఆకలెందుకే?" అంది. నాకప్పుడు అర్థం కాలేదు. ఆకలికీ వేళ్ళకీ సంబంధం ఏమిటి అనుకున్నాను.

అందుకే డాక్టరమ్మ నా జబ్బు పేరు చెప్పిన రోజున నేను లోపల్లోపల అడుక్కున్నది ఒక్కటే. నడక పోతే పోనీ, సుద్దముక్క పట్టుకోలేకపోతే పోనీ, నా అన్నం నేను నా చేత్తో కలుపుకుని తినాలి. నన్ను కూర్చోబెట్టి ఎవరూ నోట్లో ముద్ద పెట్టకూడదు. స్పూనుతో తినొచ్చు కదా అంటారు. తినొచ్చు, మహారాజులా తినొచ్చు. కానీ వేడన్నంలో పప్పూ నెయ్యీ వేసి వేళ్ళతో నొక్కి కలుపుకుంటే వచ్చే రుచి స్పూనులో రాదు. వస్తుందనేవాళ్ళు మా కృష్ణాజిల్లావాళ్ళు కాదు.

ఇక మందులు. రోజూ ఒక నొప్పిమాత్ర, దానితోపాటు వారానికి ఒక్కసారే వేసుకునేది ఇంకొకటి. అసలు మందు ఆ వారం మాత్రే. కీళ్ళు కరిగిపోకుండా ఆపేది అది. "వారంలో ఒకే రోజు, తిన్నాక వేసుకోండి. పొరపాటున కూడా రోజూ వేసుకోకండి" అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. ఏ రోజు అన్న చర్చ ఇంట్లో వచ్చింది. మా అత్తగారు ఆలోచించనేలేదు. "శనివారం వేసుకో అమ్మాయ్. స్వామి రోజు. పైగా స్థిరవారం, మందు స్థిరంగా పనిచేస్తది" అన్నారు. మర్నాడు ఆదివారం, బడి ఉండదు, పడుకోవచ్చు కదా అని నేనూ తలూపాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా అత్తగారికి శనివారం ఒక్కపొద్దు. పగలంతా కాఫీ తప్ప ఇంకేమీ నోట్లో వేసుకోరు. సాయంత్రం దీపం పెట్టాక రెండిడ్లీలో, కాస్త ఉప్మానో తింటారు. అన్నం మాత్రం ఆ రోజు మెతుకు ముట్టరు. మా ఆయన పుట్టక ముందునుంచీ ఉన్న నియమమట అది. జ్వరమొచ్చినా తప్పలేదు. మామగారు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా తప్పలేదు. నా రిపోర్టులు వచ్చిన సాయంత్రం ఆవిడ దేవుడి గూటిముందు నిలబడి నా తరఫున కూడా మొక్కేశారు. "మా కోడలి చేతులు బాగుపడేదాకా శనివారాలు ఉంటది స్వామీ" అని గట్టిగా, నాకు వినపడేట్టు. నన్ను ఒక్క మాట అడగలేదు. మొక్కు ఆవిడది, ఆకలి నాది.

మామూలుగా అయితే పెద్ద గొడవే చేసేదాన్ని. కానీ అప్పుడు నాకు అమ్మ వేళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఎవరేం చెప్పినా చేసేలా ఉన్నాను. సరేనన్నాను. "ఉపవాసమున్న ఒంట్లో మందు బాగా పడతది, లంఖణం పరమౌషధమని ఊరికే అన్నారా" అని ఆవిడ సంతోషించారు. అలా శనివారం పొద్దున్నే స్నానం, దీపం, కాఫీ, ఆ కాఫీతోనే రెండు మాత్రలు, ఇక సాయంత్రందాకా ఏమీ లేదు. ఇది మా ఇంట్లో ఏర్పాటు అయిపోయింది.

కొన్ని వారాలకు నాకు కడుపులో గొడవ మొదలైంది. శనివారం సాయంత్రానికి పొట్టలో మంట. ఆదివారం లేస్తూనే వికారం. ఆదివారం మా ఇంట్లో కోడికూర. అల్లంవెల్లుల్లి ముద్ద నూనెలో పడిందంటే చాలు, నేను బాత్రూమ్‌లోకి పరుగు. "కోడి వేడి చేస్తది, నీకు పడట్లేదు" అన్నారు అత్తగారు. కోడి మానేశాను. మరుసటి ఆదివారం గుడ్ల పులుసు. మళ్ళీ పరుగు. గుడ్డు మానేశాను. ఆ పై ఆదివారం పూరీలు, గోధుమ మానేశాను. తర్వాత పప్పుచారు, చింతపండు మానేశాను. ఆదివారం మా ఇంట్లో ఏది వండితే అదే ముద్దాయి. సోమవారంనుంచి దానికి నా కంచంలో ప్రవేశం లేదు.

ఇంట్లో ఇలా ఉంటే స్టాఫ్‌రూమ్‌లో ఇంకోలా ఉండేది. తిండి గురించి సలహా చెప్పడానికి మా విజయవాడలో చదువు అక్కర్లేదు, నోరుంటే చాలు. వంకాయ వాతమన్నారు సోషల్ మేడమ్. బంగాళాదుంప పరమ వాతమన్నారు హిందీ మాస్టారు. "పాలు మానండి మేడమ్, పాలే విషం" అని సైన్సు మాస్టారు పాలకోవా తింటూ చెప్పారు. పొద్దున్నే వెల్లుల్లి పచ్చిది నమలమన్నారు ఒకరు. నమిలితే పొట్టలో నిప్పు పెట్టినట్టయింది. మెంతులు నానబెట్టి మింగమన్నారు ఇంకొకరు. మింగితే మూడో పీరియడ్‌కల్లా ఫలితం తెలిసింది. ఎనిమిదో తరగతికి సమీకరణం సగంలో ఆపేసి, "మిగతాది మీరు చెయ్యండి" అని బోర్డు దగ్గర్నుంచి పరిగెత్తాను. ఆ సమీకరణం ఆ రోజు ఎవరూ పూర్తి చెయ్యలేదు.

ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. బస్సెక్కాలంటే భయం. బెంజి సర్కిల్ దగ్గర ఏ బట్టల షాపులో బాత్రూమ్ శుభ్రంగా ఉంటుందో, ఎక్కడ చీర కొనకపోయినా మొహం చిట్లించకుండా తాళం ఇస్తారో నాకు బాగా తెలిసింది. పెళ్ళిళ్ళకు పిలిస్తే ఏదో వంక చెప్పేదాన్ని. వెళ్ళినా నా కంచంలో తెల్లన్నం, మజ్జిగ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. పక్క కంచంలో గోంగూర పచ్చడి చూసి నోరూరుతుంటే, నన్ను చూసి జాలిపడేవాళ్ళను కొట్టాలనిపించేది. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ. మళ్ళీ బీరకాయ. ఉప్పు తక్కువ, కారం లేదు, పులుపు లేదు. మా అత్తగారు పాపం నా పత్యం వంట వేరే పొయ్యిమీద, వేరే గిన్నెలో, ఎంతో నిష్ఠగా చేసేవారు. నాకు ఆ నిష్ఠ చూస్తే ఒళ్ళు మండేది. పోనీ తిట్టడానికి తప్పేమైనా ఉందా అంటే లేదు, అదింకా మంట.

జాకెట్లు వదులైపోయాయి. "ఏం మేడమ్, షుగరా?" అని మా వీధి చివర పళ్ళబండి ఆమె కూడా అడిగింది. ఇంత మానేసినా ఆదివారం వికారం మాత్రం తప్పలేదు. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. తిండి అన్నీ మానేశాను, ఇక మానాల్సింది ఈ మాత్రే కదా.

ఆ శనివారం వారం మాత్ర వేసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ప్రాణం ఎంత హాయిగా ఉందో! పెసరట్టు అడిగి మరీ వేయించుకున్నాను. అల్లం పచ్చడితో. మా ఆయన పేపరు దించి నావైపు చూసి, "ఇవాళ బాగున్నట్టున్నావే" అన్నారు. బాగున్నానన్నాను. తర్వాతి శనివారమూ వేసుకోలేదు. ఆ తర్వాతా లేదు. వేళ్ళు కొంతకాలం ఊరుకున్నాయి. నేను గెలిచానని అనుకున్నాను.

తర్వాత తెలిసొచ్చింది. ముందు ఉంగరం బిగిసింది. ఆపైన కుక్కరు మూత తిరగలేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పొద్దున్నే ఎంతసేపు కుస్తీ పట్టేదాన్నో చెబితే నవ్వుతారు. వేలి కణుపులు ఉబ్బి, ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. నొప్పిమాత్ర ఒకటి వేసుకునేచోట రెండు వేసుకోవడం మొదలెట్టాను. పొట్టలో మంట మళ్ళీ వచ్చింది, ఈసారి వారమంతా. అటు చెయ్యీ పోయె, ఇటు పొట్టా పోయె. కక్కలేక మింగలేక ఉన్నాను.

ఆ రోజు ఏదో పండగ సెలవు. మా ఆయన దుకాణానికి వెళ్ళారు. మధ్యాహ్నం కంచంలో అన్నం, దోసకాయ పప్పు. కలుపుదామంటే వేళ్ళు వంగలేదు. చెయ్యి కర్రముక్కలా కంచంలో అటూ ఇటూ కదిలిందే గానీ ఒక్క మెతుకు ముద్ద కాలేదు. స్పూను తీసుకున్నాను. పిడికిలి బిగిస్తేగా స్పూను నిలవడానికి! జారి కిందపడింది. ఇంకోటి తెచ్చుకున్నాను, అదీ పడింది. వంటింట్లోంచి మా అత్తగారు చూస్తున్నారు. వచ్చారు. చెయ్యి కడుక్కున్నారు. నా కంచం తనవైపు లాక్కుని, నెయ్యి వేసి, చక్కగా కలిపి, ముద్ద చేసి నా నోటిదగ్గర పెట్టారు.

"నోరు తెరువమ్మా."

"వద్దండీ."

"చల్లారిపోతది. తెరువు."

"వద్దన్నానా!" అని అరిచి చెయ్యి విసిరాను. ముద్ద ఎగిరి గోడకి తగిలింది.

ఆవిడ వంగలేక వంగుతూ మెతుకులన్నీ ఏరారు. "అన్నం మీద కోపం పనికిరాదమ్మా" అని మాత్రం అన్నారు, చాలా మెల్లగా. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. వినపడనీ అనుకున్నాను. భయం వేసింది నాకు. ఇంత భయం జబ్బు పేరు విన్నరోజున కూడా వెయ్యలేదు.

సాయంత్రం మా ఆయన రాగానే మాత్ర మానేసిన సంగతి చెప్పేశాను. ఆయన మొహం తెల్లబోయింది. "రేపే వెళ్దాం" అన్నారు, అంతలోనే నాలుక్కరుచుకున్నారు. మర్నాడు ఆయనకు సరుకు లారీ దిగుతుంది, దగ్గరుండాలి. "నేనెళ్తాలే దాంతో" అన్నారు అత్తగారు. నాకు ఇష్టంలేదు. మధ్యాహ్నం ఎవరి చేతిలో ముద్ద విసిరికొట్టానో ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. కానీ ఆవిడ అప్పటికే పట్టుచీర తీసి ఇస్త్రీకి పక్కన పెట్టేశారు. డాక్టరు దగ్గరికైనా సరే, ఆవిడ మామూలు చీరలో వెళ్ళరు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. మృదువుగా మాట్లాడుతుంది గానీ కళ్ళు మాత్రం ఎక్స్‌రేలు. ఒక్కో కణుపూ నొక్కి చూసింది. "మాత్ర మానేశారా మేడమ్?" అంది. అవునన్నాను. "అది వేసుకుంటే ఆదివారాలు చచ్చిపోతున్నానండీ. ఏం తిన్నా పడట్లేదు."

"సరే, ఏం తింటున్నారో పొద్దున్నుంచీ చెప్పండి."

చెప్పాను. చెబుతుంటే నాకే కాస్త గర్వంగా అనిపించింది, ఇంత కట్టడిగా ఎవరుంటారు అని. కోడి లేదు, గుడ్డు లేదు, గోధుమ లేదు, పాలు లేవు, పులుపు లేదు. ఆమె నా బరువు చూసింది, పాత బరువు చూసింది. "మీ జబ్బు మిమ్మల్ని ఇంత తినలేదు మేడమ్, మీ పత్యం తిన్నట్టుంది" అంది. "ఎవరు మానమన్నారు ఇవన్నీ?"

మా అత్తగారికి అది నచ్చలేదు. ముందుకు జరిగి కూర్చున్నారు. "అట్టా అనమాకమ్మా డాక్టరమ్మా. మా పిల్ల ఎంత నిష్ఠగా ఉంటదో నీకు తెలవదు. శనివారం అయితే ఆ కాస్తా ముట్టదు. సాయంత్రం దీపం పెట్టిందాకా మంచినీళ్ళూ కాఫీయే. నేనే అలవాటు చేశా" అన్నారు.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "వారం మాత్ర ఏ రోజు వేసుకునేవారు?"

"శనివారమండీ" అన్నాను.

"నొప్పిమాత్ర?"

"అదీ దాంతోపాటే. పొద్దున్నే, కాఫీతో."

పై ఫ్యాను కీచుమంటోంది. నేను లెక్కల టీచర్ని. తప్పు ఎక్కడుందో తెలియకపోతే మారుతున్నవి కాదురా, మారకుండా ఉన్నదేదో చూడండి అని పిల్లలకు పొద్దస్తమానం చెప్పేదాన్ని. ఆదివారం కూరలు మారుతూ వచ్చాయి. శనివారం మారలేదు. నాకది కనపడలేదు. "తిన్నాకే వేసుకుంటున్నారు కదా?" అని డాక్టరమ్మ ఇంతకుముందు అడిగినప్పుడల్లా అవునని చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు. ఉపవాసాన్ని మేం తిండి సంగతుల్లో కలపం. అది దేవుడికీ మనకీ మధ్య సంగతి, డాక్టరుకు చెప్పేదేముంటుంది?

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. వారం మాత్ర తిన్నాక వేసుకున్నా కొందరికి వికారం చేస్తుందట, ఇక ఖాళీ కడుపున సరేసరి. పైగా నొప్పిమాత్ర లోపలి పొరను గీకేస్తుంది, కాఫీ దానికి తోడు. "కోడి తప్పు లేదు, గోధుమ తప్పూ లేదు. ఒక్కొక్కటీ మళ్ళీ తినడం మొదలెట్టండి. నిజంగా పడనిదేదో మీకే తెలుస్తుంది, దాన్నొక్కటే మానండి. ఉపవాసం మాత్రం ఇక మీకు లేదు. ఏ రోజైనా సరే, కడుపునిండా తిన్నాకే మందు" అంది. పొట్టకు వేరే మందు రాసింది. అప్పటికీ నిలవకపోతే ఇంజెక్షనుకు మారుద్దామంది. ఆపైన నా చెయ్యి పట్టుకుని, "ఈ చివరి రెండు వేళ్ళూ ఇక పూర్తిగా తిన్నగా రావు మేడమ్. మిగతావి కాపాడుకుందాం. ఈసారి మానేస్తే మాత్రం అవీ దక్కవు" అంది.

"ఆ మిగతావాటితో అన్నం కలుపుకోవచ్చా?" అని అడిగాను.

డాక్టరమ్మకు నేనేం అడుగుతున్నానో వెంటనే అర్థం కాలేదు. మా అత్తగారికి అర్థమైంది. ఆవిడ తల తిప్పుకుని కిటికీవైపు చూశారు. "కలుపుకోవచ్చు" అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గుంట వచ్చినప్పుడు ఆవిడ డ్రైవరుతో "మెల్లగా పోనీ నాయనా, అమ్మాయికి చేతులు నొప్పి" అన్నారు, అంతే. నాకు కోపం వచ్చింది. రాదా మరి! ఇన్నాళ్ళు నా పేగుల్ని పిండేసింది ఈవిడ మొక్కు. నా రెండు వేళ్ళు పోయాయి. కానీ ఎవర్ని తిట్టను? నా కోసం మొక్కుకున్న మనిషిని. కాదు కూడదని ఒక్కసారి అని ఉంటే సరిపోయేది, నేనే అనలేదు. ఆటో దిగేసరికి తలనొప్పి వచ్చేసింది.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడు కూడా లేదు. నాకదే ఎక్కువ భయం. మా ఆయన రెండువైపులా చూసి తెలివిగా ఓ ఉపాయం చెప్పారు. "మాత్ర బుధవారానికి మార్చుకో. శనివారం ఉపవాసం ఉపవాసమే ఉంటది. ఎవరికీ ఇబ్బంది లేదు." ఆయనది ఎప్పుడూ గోడమీద పిల్లివాటమే. నొప్పిమాత్రకు వారాలు లేవు మహానుభావా, రోజూ ఉంటుంది, పుండైన పొట్ట శనివారం సెలవు తీసుకోదు అన్నాను. ఆయన పేపరు ఎత్తుకున్నారు.

నాకు మాత్రం నిలకడ లేదు. శనివారం ఎప్పుడొస్తుందా అని ఒకవైపు, రాకుండా ఉంటే బాగుండునని ఇంకోవైపు. నాకు మొక్కులమీద పెద్ద నమ్మకం లేదు. నమ్మకం లేనివాళ్ళకు భయం కూడా ఉండదనుకుంటారు జనం. ఉంటుంది. నేను తిన్నాక ఈ మిగిలిన వేళ్ళు కూడా వంకరపోతే? అప్పుడు ఆవిడ నోరు తెరిచి అనకపోయినా, స్వామికి కోపం వచ్చిందని మనసులో అనుకోరా? నేను మాత్రం అనుకోనా? పోనీ తినకపోతే మందు నిలవదు, మందు నిలవకపోతే చెయ్యి నిలవదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బోర్డుమీద రాస్తూ రాస్తూ అదే ఆలోచన. పిల్లలు "మేడమ్, అక్కడ మైనస్ మర్చిపోయారు" అనేవాళ్ళు.

శనివారం వచ్చింది. రెండో శనివారం కావడంతో బడి లేదు. మా ఆయన టిఫిను తిని దుకాణానికి వెళ్ళిపోయారు. నేను వేడినీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను, అలా కాసేపు ఉంచితే వేళ్ళు కొంచెం కదులుతాయి. అత్తగారు తలంటుకుని, బొట్టు పెట్టుకుని, దీపం పెట్టారు. మామూలే. తర్వాత కుక్కరు కూత వేసింది. ఇంత పొద్దున్నే అన్నమేమిటి అనుకున్నాను. బల్లదగ్గరికి వెళ్తే రెండు కంచాలు పెట్టి ఉన్నాయి.

"ఎవరికత్తయ్యా రెండోది?"

"కూర్చో."

నా కంచంలో అన్నం వడ్డించారు. బీరకాయ పప్పు, నెయ్యి. రెండో కంచంలోనూ అంతే వడ్డించారు. ఆ కంచం ముందు ఆవిడ కూర్చున్నారు.

"మీరెందుకండీ! శనివారం కదా. నేను తింటాను, మీరు మానకండి."

"నోరు ముయ్యవే అమ్మాయ్ కాసేపు" అన్నారు. అన్నం కలిపారు. ముద్ద చేత్తో పట్టుకుని దేవుడి గూటివైపు తిరిగారు. పక్కింటావిడతో పంపు దగ్గర తగూ పెట్టుకునే గొంతుతో అన్నారు: "స్వామీ, మొక్కింది నేను. తప్పుతోంది నేను. ఈ పిల్ల నిన్నేమీ అడగలేదు, నీకేమీ ఒప్పుకోలేదు. ఏమన్నా ఉంటే నాతో తేల్చుకో. దీని చేతుల జోలికి మాత్రం రామాక."

ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మా ఆయన పుట్టక ముందునుంచీ ఆవిడ శనివారం అన్నం తినలేదు. నమలడానికి చాలాసేపు పట్టింది. మింగాక, "ఇప్పుడు తిను" అన్నారు.

నేను చెయ్యి పెట్టాను. చివరి రెండు వేళ్ళు ఎటో చూస్తున్నాయి. మిగతావాటితో అన్నాన్ని కంచం అంచుకు నెట్టి, నొక్కి, మళ్ళీ నొక్కాను. పప్పు ఒకవైపు పోయింది, మెతుకులు బల్లమీద పడ్డాయి. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చెయ్యి నావైపు లేచింది. నేను చూశాను. అంతలోనే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని తన కంచంలో పెట్టేసుకున్నారు, తల వంచుకుని తన అన్నమే కలుపుతూ కూర్చున్నారు. తొందరపెట్టలేదు. నావైపు చూడనుకూడా లేదు.

ముద్ద అయింది. వంకరటింకర ముద్ద. నోటిదాకా తీసుకెళ్ళాను, సగం లోపలికి, సగం చీరమీదికి.

"పప్పులో ఉప్పు చాల్లేదండీ" అన్నాను, నమిలి.

"నీ పత్యానికి అంతే" అన్నారు. పమిటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "పచ్చిమిరగాయ తగిలింది, పాడుది" అన్నారు.

నా పప్పులో పచ్చిమిరపకాయ వెయ్యడం మానేసి ఏడాది దాటింది. ఇంకో గరిటెడు అన్నం వడ్డించమన్నాను.